ఏప్రాన్ మందం తర్వాత సంగతి: రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకు ఏది ముందు కొనాలి?

ఆసుపత్రికి కొత్త సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపించే, 'సి' ఆకారపు మెషిన్) వస్తోందంటే పర్చేజ్ సెక్షన్ నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "లెడ్ (సీసం) ఏప్రాన్లు పావు మిల్లీమీటరువి తీసుకోవాలా, అర మిల్లీమీటరువా?" జవాబు ఉంది. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. రేడియేషన్ ఎటు నుంచి వస్తోంది? దాని శక్తి ఎంత? మీ మనిషి ఎక్కడ నిలబడతాడు, పని మధ్యలో వీపు తిప్పాల్సి వస్తుందా? ఇవి తెలుసుకోకుండా కొన్న ఏప్రాన్ అయితే కొక్కేనికి వేలాడుతుంది, లేకపోతే వేసుకున్నవాళ్ల నడుం విరగ్గొడుతుంది.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఫ్లోరోస్కోపీ (ఎక్స్‌రేను వీడియోలా అప్పటికప్పుడు చూస్తూ చేసే పని) గదికి బడ్జెట్ తక్కువగా ఉంటే మొదటి రూపాయి పైనుంచి వేలాడే లెడ్ అద్దానికి, బల్లకు కట్టే లెడ్ తెరకు పోవాలి. తర్వాత ఒంటికి సరిపోయే ఏప్రాన్, మెడకు థైరాయిడ్ కాలర్. కళ్లద్దాలు ఆ తర్వాత. లెడ్ గ్లవ్స్ అయితే చాలామందికి అక్కర్లేదు.

ముందు మీ పని ఏదో చూసుకోండి

మామూలు ఎక్స్‌రే గదిలో, సీటీ గదిలో టెక్నీషియన్ కన్సోల్ వెనకే ఉండి బటన్ నొక్కుతాడు. అతనికి రక్షణ ఇచ్చేది గోడ, కన్సోల్ ముందున్న లెడ్ గ్లాస్. ఏప్రాన్ కాదు. ఇలాంటి చోట డబ్బు గోడలకు, తలుపులకు పెట్టాలి. మన దేశపు అణుశక్తి నియంత్రణ సంస్థ ఏఈఆర్‌బీ చెప్పే కొలత ప్రకారం బీమ్ నేరుగా తగిలే గోడ 35 సెంటీమీటర్ల ఇటుక కట్టడం, మిగతా గోడలు 23 సెంటీమీటర్లు ఉండాలి. తలుపుకైతే 1.7 మిల్లీమీటర్ల సీసపు రేకు కావాలి. అద్దె షాపులో పెట్టిన డయాగ్నొస్టిక్ సెంటర్లలో తేడా వచ్చేది ఎక్కువగా తలుపు దగ్గరే. ప్లైవుడ్ తలుపు మీద పసుపు రంగు మూడు రెక్కల గుర్తు అందంగా అంటించి ఉంటుంది, లోపల మాత్రం రేకు ఉండదు. అలాంటి సెంటర్‌లో చేరబోయే టెక్నీషియన్ జీతం అడిగే ముందు తలుపు బరువు చూసుకుంటే మంచిది. సీసం ఉన్న తలుపు తోస్తేనే తెలిసిపోతుంది.

ఐసీయూలో, వార్డుల్లో పోర్టబుల్ ఎక్స్‌రే తీసేవాళ్లకు ఖర్చు లేని రక్షణ దూరం. కేబుల్ చుట్ట మొత్తం విప్పి కనీసం 2 మీటర్ల అవతలికి వెళ్లి నొక్కాలి. దూరం రెండింతలైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది. ఏప్రాన్ వేసుకుని అర మీటరులో నిలబడే బదులు ఏప్రాన్ వేసుకుని 2 మీటర్లలో నిలబడటం ఎప్పుడూ మేలే. ఇక్కడ పావు మిల్లీమీటరు ఏప్రాన్ చాలు, అంతకంటే బరువైనది మెట్లెక్కి దిగేవాడికి శిక్ష.

అసలు చిక్కు ఫ్లోరోస్కోపీలో ఉంది. క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల చికిత్స గది), ఆర్థో థియేటర్ (ఎముకల ఆపరేషన్ గది), ఈఆర్‌సీపీ (పిత్తనాళానికి గొట్టంతో చేసే చికిత్స), కిడ్నీ రాళ్ల ఆపరేషన్లు. ఇక్కడ మనుషులు గదిలోనే, రోగి పక్కనే నిలబడి పనిచేయాలి. వాళ్లకు తగిలేది ట్యూబ్ నుంచి నేరుగా వచ్చే బీమ్ కాదు. ఆ బీమ్ రోగి ఒంటికి తగిలి చుట్టూ చెదిరే స్కాటర్. రోగి చర్మం మీద పడే డోసులో మీటరు దూరాన ఉన్నవాళ్లకు అందేది సుమారు వెయ్యో వంతు. వినడానికి చిన్నదే, కానీ ఒకే రోజు నాలుగు యాంజియోప్లాస్టీలు, అలా పదిహేనేళ్లు చేసేవాడికి ఆ వెయ్యో వంతులు కూడుతూ పోతాయి. కింద చెప్పేదంతా ఎక్కువగా వీళ్లకోసమే.

ఏప్రాన్ ఎంపిక: మందం కంటే అమరిక

పావా, అర్ధా అన్నదానికి సూటిగా జవాబు ఇదీ. ఏఈఆర్‌బీ అడిగే కనీసం 0.25 మిల్లీమీటరు సీసానికి సమానమైన రక్షణ. బల్ల పక్కనే నిలబడే డాక్టరుకు, స్క్రబ్ నర్సుకు ముందు వైపు 0.5 ఉండాలి. దూరంగా తిరిగే నర్సుకు, అనస్థీషియా టెక్నీషియన్‌కు 0.25 లేదా 0.35 సరిపోతుంది. అంతకు మించి బరువు మోయించడం వల్ల వచ్చే లాభం కొంచెమే, నడుం నొప్పి మాత్రం ఖాయం. క్యాథ్‌ల్యాబ్ డాక్టర్లలో వెన్ను సమస్యలు ఎంత మామూలో ఆ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక డిజైన్ దగ్గరికొస్తే, ముందు మాత్రమే కప్పే ఏప్రాన్ తేలిక, చవక. ఎప్పుడూ రోగి వైపే మొహం పెట్టి నిలబడేవాళ్లకు అది పనికొస్తుంది. కానీ ఆర్థో థియేటర్‌లో ఒక్కసారి చుట్టూ చూడండి. సర్క్యులేటింగ్ నర్సు ఇంప్లాంట్ ట్రే అందుకోవడానికి వెనక్కి తిరిగింది, అదే క్షణంలో సర్జన్ పెడల్ మీద కాలేశాడు. ఆమె వీపుకు అడ్డం పైజమా గుడ్డ తప్ప ఏమీ లేదు. గదిలో తిరిగే ప్రతి ఒక్కరికీ వెనక వరకు చుట్టుకునే ఏప్రానే కొనాలి. లేదా పెడల్ తొక్కే ముందు "ఎక్స్‌రే" అని గట్టిగా చెప్పే అలవాటైనా సర్జన్‌కు ఉండాలి. రెండూ ఉంటే ఇంకా మంచిది.

చుట్టుకునే రకంలో ఒకే పీసు, వెస్ట్-స్కర్ట్ అని రెండు ఉన్నాయి. ఒకే పీసైతే బరువంతా భుజాల మీద పడుతుంది. వెస్ట్-స్కర్ట్‌లో స్కర్ట్ బరువు తుంటి మీదికి దిగుతుంది. గంటలకొద్దీ నిలబడే పనికి నా ఓటు వెస్ట్-స్కర్ట్‌కే. అరగంట పనికి తొందరగా తగిలించుకుని తీసేయడానికి ఒకే పీసు వీలు.

కొనేవాళ్లు చూడకుండా వదిలేసే విషయం ఒకటుంది. చుట్టుకునే ఏప్రాన్ లేబుల్ మీద "ముందు 0.5, వెనక 0.25" అని ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ ముందు 0.5 అన్నది రెండు 0.25 పొరలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడే వస్తుంది. పొట్ట కొంచెం పెద్దగా ఉన్న డాక్టరుకు ఆ రెండు పొరలూ పూర్తిగా ఒకదాని మీద ఒకటి పడవు. వెల్క్రో లాగి అంటించేస్తాడు, కానీ నడుమ జానెడు మేర 0.25 మాత్రమే మిగులుతుంది. డబ్బు అర మిల్లీమీటరుకు ఇచ్చినట్టు, రక్షణ పావుకు వచ్చినట్టు. సైజు చూడకుండా అన్నీ ఎక్స్‌ఎల్ ఆర్డర్ ఇస్తే దీనికి పూర్తి విరుద్ధమైన ఇబ్బంది. సన్నగా ఉన్న నర్సుకు చంక దగ్గర పెద్ద సందు తెరుచుకుంటుంది, స్కాటర్ పక్క నుంచి నేరుగా రొమ్ము మీద పడుతుంది. చంక భాగాన్ని కప్పే చిన్న రెక్కలు, పొట్టి చేతులు విడిగా దొరుకుతాయి. మహిళా సిబ్బంది ఎక్కువగా ఉన్న ల్యాబ్ అయితే ఏప్రాన్ మందం పెంచే ముందు వాటికి డబ్బు పెట్టండి.

లెడ్, లెడ్-ఫ్రీ

లెడ్-ఫ్రీ ఏప్రాన్లలో టిన్, ఆంటిమొనీ, బిస్మత్, టంగ్‌స్టన్ లాంటి లోహాల పొడి కలుపుతారు. తేలికగా ఉంటాయి, చిరిగాక పారేయడంలో సీసమంత తలనొప్పి ఉండదు. సేల్స్ మనిషి చేతికిచ్చి పట్టుకోమంటాడు, పట్టుకున్నవాళ్లకు వెంటనే నచ్చేస్తుంది.

ఆ తేలికకు షరతులున్నాయి. టిన్, ఆంటిమొనీ సుమారు 30 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (ఎక్స్‌రే శక్తి కొలమానం) పైన ఎక్స్‌రేను బాగా పీల్చుకుంటాయి, సీసానికి అలాంటి మెట్టు 88 దగ్గర ఉంటుంది. అందుకే మధ్య శక్తుల్లో లెడ్-ఫ్రీ బాగా పోటీ ఇస్తుంది, శక్తి పెరిగేకొద్దీ వెనకబడుతుంది. రెండోది, ఆ లోహాలు ఎక్స్‌రేను పీల్చుకున్నాక తామే కొంత రేడియేషన్‌ను మళ్లీ వదులుతాయి. పాత పద్ధతిలో, సన్నటి బీమ్‌తో టెస్ట్ చేస్తే ఇది కొలిచే మీటరుకు చిక్కదు, ఏప్రాన్ ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. 2014లో వచ్చిన ఐఈసీ 61331-1 ప్రమాణం దీన్ని కూడా లెక్కలోకి తీసుకునే టెస్ట్ పెట్టింది. కాబట్టి సేల్స్ మనిషిని రెండు విషయాలు అడగండి: టెస్ట్ ఏ ప్రమాణం ప్రకారం చేశారు? ఏ కేవీ (ఎక్స్‌రే ట్యూబ్‌కు ఇచ్చే కిలోవోల్టులు) నుంచి ఏ కేవీ వరకు ఈ 0.5 నిలబడుతుంది? లేబుల్ మీద ఒక్క కేవీ అంకె మాత్రమే ఉంటే తొందరపడకండి. రోజంతా నిలబడే కార్డియాలజిస్టుకు నేను మంచి సర్టిఫికెట్ ఉన్న లెడ్-ఫ్రీ గానీ, సీసం కలిపిన కాంపోజిట్ గానీ సిఫార్సు చేస్తాను. అప్పుడప్పుడూ వాడే కామన్ ఏప్రాన్లకు మాత్రం మామూలు లెడ్ చాలు.

వేలాడే అద్దం, బల్ల కింది తెర

ఏప్రాన్ తలను కాపాడదు. కళ్లనూ కాపాడదు. పైకప్పు నుంచి వేలాడే లెడ్ అద్దం డాక్టరు తలను, మెడను, ఛాతీ పై భాగాన్ని ఒకేసారి కప్పుతుంది, దాని బరువు ఎవరూ మోయక్కర్లేదు. ట్యూబ్ బల్ల కింద ఉన్నప్పుడు రోగి ఒంటి అడుగు వైపు నుంచే స్కాటర్ ఎక్కువగా వస్తుంది. అది ముందుగా తగిలేది కాళ్లకు. బల్ల అంచుకు కట్టే తెర దాన్ని ఆపుతుంది. ఈ రెండూ కలిపితే ఏ ఖరీదైన ఏప్రానూ ఇవ్వనంత రక్షణ వస్తుంది.

మరి చాలా ల్యాబుల్లో అద్దం ఓ మూలకు ఎందుకు తోసేసి ఉంటుంది? కొనేటప్పుడు చేయి పొడవు చూసుకోరు. లైటు చేతికి, అద్దం చేతికి పోటీ వస్తుంది, మణికట్టు దగ్గరి రేడియల్ రక్తనాళం నుంచి చేసే కేసులో అద్దం చేతికి అడ్డం తగులుతుంది, ఒకసారి విసుగొస్తే ఇక అంతే. ఇన్‌స్టాల్ చేసే రోజు డాక్టరును నిలబెట్టి, సీ-ఆర్మ్‌ను ఆయన వాడే కోణాలన్నిటికీ తిప్పి చూశాకే పైకప్పులో రంధ్రం వేయించండి. అద్దం రోగి ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత నీడ పడుతుంది. డాక్టరు మొహం దగ్గర పెట్టుకుంటే పక్కల నుంచి వచ్చేస్తుంది.

అసలు పైసా ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. ఫ్లోరో ఫ్రేమ్ రేటు సెకనుకు 15 నుంచి 7.5కు తగ్గించడం, బీమ్‌ను కావాల్సిన చోటికి కుదించడం, డిటెక్టర్‌ను (బొమ్మ పట్టే పలకను) రోగికి ఆనేంత దగ్గరకు తేవడం. పక్క కోణం తీసేటప్పుడు ట్యూబ్ వైపు కాకుండా డిటెక్టర్ వైపు నిలబడటం. ఇవి రోగి డోసును తగ్గించి, దాంతోపాటు సిబ్బంది డోసునూ తగ్గిస్తాయి.

కళ్లద్దాలు, కాలర్, గ్లవ్స్

కంటి కటకానికి 2011లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఐసీఆర్‌పీ ఏడాది పరిమితిని 150 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి అందే డోసు కొలమానం) నుంచి 20కి తగ్గించింది. శుక్లం రావడానికి అంతకుముందు అనుకున్నదానికంటే తక్కువ డోసే చాలని తేలడం వల్ల ఈ మార్పు వచ్చింది. వేలాడే అద్దం సరిగ్గా వాడే డాక్టరుకు కళ్లద్దాలు అదనపు భద్రత. వాడని డాక్టరుకు తప్పనిసరి. కొనేటప్పుడు అద్దం మందం ఒక్కటే చూడకండి. స్కాటర్ కింది నుంచి, పక్క నుంచి వస్తుంది, డాక్టరేమో మానిటర్ వైపు చూస్తుంటాడు. పక్కలు మూసిన, బుగ్గకు ఆనుకుని కూర్చునే ఫ్రేమ్ ముఖ్యం. పవర్ ఉన్నవాళ్లకు పవర్‌తో చేయించాలి, మామూలు కళ్లజోడు మీద ఇంకోటి పెట్టుకుంటే రెండో రోజే తీసి పక్కన పడేస్తారు.

థైరాయిడ్ కాలర్ చవక, తేలిక, ఫ్లోరోలో ఉన్న అందరికీ కావాలి. చెమట పట్టి తీసేస్తామంటారు. ఎవరి కాలర్ వాళ్లకు ఇచ్చి, ఉతికే కవర్ ఉన్నది కొంటే ఆ గొడవ చాలా తగ్గుతుంది.

లెడ్ గ్లవ్స్ విషయంలో మాత్రం జాగ్రత్త. చేయి నేరుగా బీమ్‌లోకి వెళ్తే, మెషిన్ ఆ లెడ్‌ను దట్టమైన అడ్డంకిగా చూసి తనంతట తానే డోసు పెంచేస్తుంది. రోగికీ ఎక్కువ, గదిలో అందరికీ ఎక్కువ. గ్లవ్ ఉంది కదా అన్న ధైర్యంతో చేయి ఇంకాసేపు లోపలే ఉంచడం మరో సమస్య.

బ్యాడ్జి: ఏది దేనికి

బ్యాడ్జి రేడియేషన్‌ను ఆపదు, లెక్క రాస్తుంది. మన దేశంలో ఆ లెక్క టీఎల్‌డీ (వేడి చేసి చదివే) బ్యాడ్జిది. లోపల డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు ఉంటాయి. మూడు నెలలకోసారి ల్యాబ్‌కు పంపితే వేడి చేసి, వచ్చే వెలుగును బట్టి డోసు చెబుతారు. ఒకసారి వేడి చేస్తే ఆ లెక్క బిళ్లలోంచి చెరిగిపోతుంది. అమెరికాలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఓఎస్‌ఎల్ బ్యాడ్జి ఇస్తారు. దాన్ని వేడితో కాకుండా కాంతితో చదువుతారు, అనుమానం ఉంటే మళ్లీ చదవొచ్చు. పెట్టుకునేవాడికి రెండింటిలో పెద్ద తేడా ఏమీ లేదు.

తేడా ఉన్నది వీటికీ, పాకెట్ డోసిమీటరుకీ. పాకెట్ డోసిమీటరు అప్పటికప్పుడు అంకె చూపిస్తుంది, డోసు ఎక్కువైతే కూత పెడుతుంది. కొత్తగా చేరిన డాక్టరుకు ఎక్కడ నిలబడితే ఎంత పడుతుందో నేర్పడానికి దీన్ని మించిన గురువు లేదు. కానీ రికార్డు కోసం ఇది టీఎల్‌డీకి బదులు కాదు. రెండింట్లో ఒకటే కొనగలిగితే టీఎల్‌డీయే. రెండూ కొనగలిగితే ఒక పాకెట్ డోసిమీటరును వారానికి ఒకరు చొప్పున తిప్పండి.

బ్యాడ్జి ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. ఫ్లోరోలో ఎక్కువ పనిచేసేవాళ్లకు ఏప్రాన్ బయట, మెడ దగ్గర ఇంకోటి ఉంటే కళ్ల డోసుకు అంచనా దొరుకుతుంది. ఒక ల్యాబ్‌లో ఓ టెక్నీషియన్ డోసు ఉన్నట్టుండి పెరిగితే ఆరా తీశాం. ఆయన ఏప్రాన్‌తో పాటు బ్యాడ్జిని కూడా పరీక్షల గదిలోనే కొక్కేనికి తగిలించి ఇంటికెళ్లేవాడు. ఆయన లేనప్పుడు కూడా ఆయన బ్యాడ్జి డ్యూటీ చేసింది! కంట్రోల్ బ్యాడ్జిని (ఎవరూ పెట్టుకోకుండా, పోల్చుకోవడానికి ఉంచేదాన్ని) కూడా ఇలాగే గదిలో పెడితే మొత్తం లెక్కే తప్పుతుంది, దాన్ని రేడియేషన్ లేని ఆఫీసు బీరువాలో ఉంచాలి.

ఏఈఆర్‌బీ పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. చేతులకు, చర్మానికి ఏడాదికి 500. అమెరికాలో ఏడాది పరిమితి 50. అక్కడికి వెళ్లిన టెక్నీషియన్లు ఆ అంకె చూసి నిమ్మళించనక్కర్లేదు, శరీరం ఒకటే. ఉద్యోగం మారినా టీఎల్‌డీ నంబరు అదే కొనసాగేలా చూసుకోండి. కొత్త చోట కొత్త మనిషిలా నమోదు చేస్తే పాత డోసులు మీ పేరున కలవవు.

గర్భం అని తెలిసినప్పుడు

మన నిబంధన ప్రకారం గర్భం తెలిసినప్పటి నుంచి బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని ఏర్పాటు చేయాలి. అమెరికాలో, గర్భిణి రాతపూర్వకంగా తెలియజేస్తే, గర్భకాలం మొత్తానికి 5. పొట్ట దగ్గర అదనపు పొర ఉన్న మెటర్నిటీ ఏప్రాన్లు దొరుకుతాయి, కానీ అప్పటికే ఒంటి బరువుతో ఉన్న మనిషికి ఇంకో బరువు ఎక్కించడం నాకు నచ్చదు. ఫ్లోరో గది నుంచి సీటీ కన్సోల్‌కో, రిపోర్టింగ్‌కో మార్చడమే మంచి ఎంపిక. పొట్ట మీద, ఏప్రాన్ లోపల ఇంకో డోసిమీటరు పెడితే ఆమెకూ టెన్షన్ తగ్గుతుంది. చెబితే ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఉన్న చోట ఎవరూ సమయానికి చెప్పరు. ఆ భయాన్ని తీయాల్సింది యాజమాన్యమే.

ఏప్రాన్ పనికిరాని చోట్లు

న్యూక్లియర్ మెడిసిన్‌లో (రోగికి రేడియోధార్మిక మందు ఇచ్చి స్కాన్ తీసే విభాగంలో) వాడే టెక్నీషియం-99ఎమ్ శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. అక్కడ ఏప్రాన్ కొంతవరకు పనిచేస్తుంది. పెట్ స్కాన్‌లో వాడే ఎఫ్-18 దగ్గర శక్తి 511. దాన్ని సగానికి తగ్గించాలంటేనే నాలుగైదు మిల్లీమీటర్ల సీసం కావాలి, అర మిల్లీమీటరు ఏప్రాన్ ఆపేది పదో వంతు కూడా కాదు. అక్కడ టంగ్‌స్టన్ సిరంజి షీల్డ్, లెడ్ ఇటుకల చాటు, దూరం, చేతి వేగం పనికొస్తాయి. డోసు ఎక్కువగా పడేది వేళ్లకు కాబట్టి ఉంగరం డోసిమీటరు తప్పనిసరిగా అడగండి.

వెల్డింగ్ జాయింట్లకు ఇరిడియం-192తో గామా రేడియోగ్రఫీ చేసేవాళ్లకూ ఏప్రాన్ దండగ. విశాఖ వైపు నుంచి ఎన్‌డీటీ (వస్తువును పాడు చేయకుండా లోపాలు పరీక్షించే) పనికి గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లకు కంపెనీ ఏదిచ్చినా ఇవ్వకపోయినా అడగాల్సినవి మూడు: పనిచేస్తున్న సర్వే మీటరు (చుట్టూ ఉన్న రేడియేషన్ కొలిచేది), కూతపెట్టే డోసిమీటరు, టంగ్‌స్టన్ కాలిమేటరు (రేడియేషన్‌ను ఒకవైపే వదిలేది). సోర్స్‌ను (ఇరిడియం ముక్కను) లోపలికి లాగాక అది నిజంగా కెమెరాలోకి (దాన్ని దాచే మందపాటి పెట్టెలోకి) చేరిందా అని ప్రతిసారీ మీటరుతో చూసుకోవాలి. ఈ పనిలో పెద్ద ప్రమాదాలు జరిగే దారుల్లో ముఖ్యమైనది అదే: సోర్స్ బయట ఇరుక్కుపోయి ఉంటుంది, మనిషికి తెలియదు.

సామాను వచ్చిన రోజు

ప్రతి ఏప్రాన్‌ను ఫ్లోరో కింద పెట్టి, మడతలు, కుట్లు, భుజాల దగ్గర చూడండి. కొత్తదానిలోనూ చిరుగులు దొరకొచ్చు. ఒక్కోదానికి నంబరు రాసి ఆ చిత్రాన్ని దాచుకుంటే, ఏడాదికోసారి మళ్లీ చేసే పరీక్షలో పోల్చుకోవడానికి వీలవుతుంది. మడిచి కుర్చీ మీద వేసే అలవాటు ఏప్రాన్‌ను లోపలే విరగ్గొడుతుంది, బయటి గుడ్డ మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి అదే ఆర్డర్‌లో వెడల్పాటి హ్యాంగర్లు కూడా రాయించండి, ఏప్రాన్‌కు ఒకటి చొప్పున. ఎక్కడ తగిలించాలో కూడా ఆ రోజే తేల్చి మేకులు కొట్టించండి.